కంప్యూటరుతో మాట్లాడే తీరులు



పిల్లలకు కంప్యూటరు నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబుకు ముందు, ఆ యంత్రంతో మనిషి మాట్లాడే తీరులను గురించి కొంచెం మనవి చేస్తాము.

మొదటిది ఆజ్ఞల పద్ధతి. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్‌లోను, 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్‌లోను ఇదే. నల్లని తెర మీద మనమే మాట టైపు చేయాలి. ఒక్క అక్షరం తప్పినా యంత్రం ఒప్పుకోదు. కాని ఆజ్ఞలు నోటికి వచ్చినవాడికి ఇంత చురుకైన పద్ధతి మరొకటి లేదు. వెయ్యి ఫైళ్ళ పేర్లు మార్చటానికి ఒక్క వరుస చాలును.

రెండవది జాబితా పద్ధతి. ఏటీఎంలో మనందరం చూస్తున్నదే. జ్ఞాపకం అక్కరలేదు. అయితే జాబితాలో లేనిది అడగటానికి వీల్లేదు.

ఇక బొమ్మల పద్ధతి. 1968లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో మౌస్‌ను నలుగురి ముందు నడిపి చూపించారు. 1984లో మెకింటోష్ ఈ పద్ధతిని మామూలు జనం దగ్గరకు తెచ్చింది. 2007లో ఐఫోన్ వచ్చాక వేలే మౌస్ అయింది. నేడు అక్షరం రాని నానీ కూడా పచ్చ బొమ్మ నొక్కి దుబాయిలోని మనుమడితో మాట్లాడుతున్నది. ఇది చిన్న విషయం కాదు.

అంతమాత్రాన బొమ్మలే అందరికీ సులువు అనుకోరాదు. చూపులేని వారి సంగతి ఆలోచించండి. డాస్ తెర మీద ఉన్నవి అక్షరాలే గనుక, చదివి వినిపించే ప్రోగ్రాములకు పని తేలికగా ఉండేది. బొమ్మల తెరలు రాగానే వాటికి మాటలు దొరకక, చుక్కలే మిగిలినవి. అప్పటిదాకా చక్కగా పనిచేసుకుంటున్నవారు ఇబ్బందిలో పడ్డారు. ఆ తరువాత ప్రతి బొమ్మ వెనుక ఒక పేరు ఉంచే ఏర్పాటు జరిగింది. 2006లో మొదలైన ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. అయినా యాప్ తయారుచేసినవాడు పేరు పెట్టడం మరిచాడంటే, వారికి నేటికీ "బటన్, బటన్" అని మాత్రమే వినబడుతుంది. మన పిల్లల్లో రేపు యాప్‌లు తయారుచేసేవారు ఉన్నారు. వారికి ఈ మాట ఇప్పుడే చెప్పాలి.

నోటితో అడిగే పద్ధతి కూడా వచ్చింది. బాగానే ఉన్నది గాని, బ్యాంకు లెక్కలు నలుగురిలో గట్టిగా చెప్పుకోలేము గదా!

ఇక మా జవాబు. చిన్నవాళ్ళకు బొమ్మలతోనే మొదలుపెట్టండి. పదవ తరగతి దాటినవారిని, ఆడపిల్లలను కూడా, ఆజ్ఞల తెర ముందు కూర్చోబెట్టండి. సర్వర్లు చూసుకునే ఉద్యోగాల్లో నేటికీ అదే నడుస్తున్నది. లినక్స్‌కు పైసా ఖర్చు లేదు, మూలన పడేసిన పాత కంప్యూటరు మీద కూడా నేర్చుకోవచ్చు.