పాటకు వెల లేదు, పటమునకు వెల యెంత?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేటి విషయము చిన్నది. అయినను గ్రామములలో తఱచుగా మనస్పర్ధలకు కారణమగుచున్నది. ఏ ప్రతిఫలమును కోరక పాడు భజన మండలికి ఫొటోగ్రాఫరు తన పనిని ఉచితముగా ఈయవలెనా? ఈయనిచో అతడు దైవకార్యమునకు వెనుదీసినవాడగునా? జమాఖర్చుల పుస్తకమును చూచినట్లు రెండు వైపులను చూచి ఈ ప్రశ్నను తేల్చుట యుక్తము.

ముందుగా మండలి పక్షము. దోమకొండ వంటి యూరిలో భజనకు కూర్చుండువారు పగలెల్ల పొలమున పాటుపడినవారు, బీడీలు చుట్టినవారు, అంగడిలో త్రాసు పట్టినవారు. రాత్రి భోజనమైన పిదప హార్మోనియము, మద్దెల, తాళములు తీసికొని గుడి మండపమున కూడుదురు. టిక్కెట్టు లేదు, సంభావన లేదు. శివరాత్రికిని శ్రీరామనవమికిని వారి గొంతులే ఊరికి కచేరి. అట్టివారు ఫొటోకు ధర చెల్లింపలేకపోవుట లోభము కాదు, లేమి. ఫొటోయే లేకున్న నష్టమేమనిన, పాట గాలిలో కలియును, పాడినవాడు కాలములో కలియును. మనుమనికి తాత ముఖమైనను మిగులదు.

దోమకొండ కోటను పునరుద్ధరించిన పనికి 2022లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించినది. రాతికట్టడమునకు దక్కిన గౌరవము ఆ రాళ్ల నీడను పాడిన గొంతులకు కూడ కొంత దక్కవలదా? సంస్థానాధీశుడగు కామినేని మల్లారెడ్డి తానే కవియై షట్చక్రవర్తి చరిత్రమును రచించెను. కావ్యము గ్రంథస్థమైనది గనుక నిలిచినది. భజన నిలుచుటకు చిత్రమొక యాధారము.

పటమునకును పాటకును చుట్టఱికము క్రొత్తది కాదు. విష్ణుధర్మోత్తరమున మూడవ ఖండములో వజ్రుడను రాజు ప్రతిమావిద్య చెప్పుమని మార్కండేయుని అడుగును. చిత్రము తెలియక ప్రతిమ తెలియదనియు, నృత్తము తెలియక చిత్రము తెలియదనియు, వాద్యము లేక నృత్తము లేదనియు ఋషి ఆ రాజును ఒక్కొక్క మెట్టే దింపి, తుదకు గీతమునొద్దకు చేర్చును. పాట మూలము, పటము దాని శాఖ. ఈ చుట్టఱికమునుబట్టి చూడగా ఫొటోగ్రాఫరు మండలికి పరాయివాడు కాడు.

ఇక ఫొటోగ్రాఫరు పక్షము. మండలివారు "మేము ఉచితముగా పాడుచున్నాము, నీవు ఉచితముగా తీయరాదా?" అందురు. వినుటకు న్యాయముగనే యున్నది. కాని పాడు రైతు దానము చేయునది తన తీరిక వేళను; అతని జీవనము వడ్లమీద నడచును. గుడికి ఉచితముగా పాడుచున్నావు గదా, వడ్లను కూడ ఉచితముగా కొలువుమని అతని నెవరును అడుగరు. ఫొటోగ్రాఫరునకు కెమెరాయే నాగలి, ఫొటోయే పంట. అతని నడుగుచున్నది తీరికను కాదు, పంటను. పైగా చేతిఫోను ప్రతివాని జేబులోనికి వచ్చిన పిదప చిన్న స్టూడియోలకు రాబడి సన్నగిలినది. పెండ్లిండ్లు, పేరంటములు ఉన్న నెలలలో నాలుగు రూకలు. తక్కిన నెలలలో అద్దెయే భారము. మీట నొక్కుటకు క్షణము చాలును గాని, ఆ క్షణమును గుర్తెఱుగుటకు ఏండ్లు పట్టును.

ఈ రెండు పక్షముల నడుమ తీర్పు చెప్పుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఆ రాత్రి ఎవరెవరికి రొక్కము ముట్టినది? మైకుసెట్టు వానికి, షామియానా వానికి, పూలవానికి, ప్రసాదపు సరకులిచ్చిన కోమటికి, కరపత్రములు అచ్చువేసిన ప్రెస్సునకు డబ్బు చెల్లి, ఫొటోగ్రాఫరునకు మాత్రము దండము చెల్లినచో, అది దానము గాదు, చెల్లింపని బాకీ. ఎవరికిని పైకము ముట్టక, దీపపు నూనె సైతము ఇంటింటినుండి వచ్చిన రాత్రియందు ఫొటోగ్రాఫరు తానును ఒక పాటకునివలె తన వంతు ఇచ్చినచో, అది నిజమైన దానము.

భగవద్గీత పదునేడవ అధ్యాయము దానమును మూడు విధములుగా విభజించినది. ఈయదగినదను బుద్ధితో, తిరిగి ఉపకారము చేయలేనివానికి, దేశకాలపాత్రముల నెఱిగి యిచ్చునది సాత్త్వికము. ప్రతిఫలము కోరి గాని, మనసు నొచ్చుకొని గాని యిచ్చునది రాజసము. తగని చోట, తగని వేళ, ఆదరము లేక యిచ్చునది తామసము. ఉచితముగా తీసి, గాయకుల ముఖములమీదుగా తన స్టూడియో పేరును పెద్ద అక్షరములతో ముద్రించు ఫొటోగ్రాఫరు రాజసుడు. ఊరివారి మాటకు జంకి, లోలోపల సణుగుచు తీయువాడును అట్టివాడే. గీత అనాదరమును దాతయందు దోషముగా చెప్పినది. గ్రహీతకును అది చెల్లును. ఇచ్చినవాని పేరును కత్తిరించి, అడుగకయే ఆ పటమును క్యాలెండరుమీద అచ్చువేసి అమ్ముకొను మండలి దానమును స్వీకరించినది కాదు, సొమ్మును లాగికొన్నది.

ఈ విషయమున చట్టము చెప్పునదియు తెలిసికొనదగినది. 1957 నాటి కాపీరైటు చట్టము ఔత్సాహిక సంఘములయెడ దయ చూపినది. ప్రేక్షకులు డబ్బు చెల్లింపని సభలో గాని, ధార్మిక సంస్థకై గాని అట్టి సంఘము పరుల కీర్తనను పాడినచో అది హక్కుల ఉల్లంఘన కాదు. కాని ఫొటోను వాడుకొనుటకు అట్టి సడలింపును మండలికి ఈయలేదు. అంతేకాదు, పైకమిచ్చి తీయించుకొన్న ఫొటోకు, వేఱు ఒప్పందము లేనిచో, తీయించినవారే హక్కుదారులు. ఉచితముగా తీసిన ఫొటోకు సామాన్యముగా తీసినవాడే హక్కుదారు. డబ్బిచ్చిన మండలికి హక్కు వచ్చును. ఉచితముగా పొందిన మండలికి దాత యిచ్చినంతయే వచ్చును! 2012 సవరణ ననుసరించి ఆ హక్కు తీసినవాని జీవితకాలమును, ఆపైన 60 ఏండ్లును నిలుచును. హక్కును బదిలీ చేయుటకు సంతకముతో కూడిన వ్రాత యుండవలెను. అందు గడువు చెప్పనిచో అయిదేండ్లుగా ఎంచుదురు. కావున నోటిమాట దానము తరువాతి తరమునకు తగవుగా మాఱును.

పూర్వుల నడవడి కూడ దీనికి సాక్ష్యము. పాలంపేట గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించెను. ధనము అతనిది. అయినను ఆ గుడి రామప్ప గుడియని శిల్పి పేరిట పిలువబడుచున్నదని ప్రతీతి. ఆ పేరు కూడ కలిసి 2021లో ప్రపంచ వారసత్వపు పట్టిక కెక్కినది. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను కొలువున ఫొటోగ్రాఫరగు లాలా దీనదయాళునకు పని యుండెను, ఆదరము నుండెను, రాజా బిరుదము నుండెను. అందుచేతనే ఆయన స్టూడియోలు నడచినవి. వేలకొలది గాజు పలకలు మిగిలి, 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమునకు చేరినవి. వృత్తికి కూడు దొరకిన చోటనే వస్తువు కాలమునకు దొరకినది.

తెలంగాణమున ఊరంతయు కలిసి పాడు పాట బతుకమ్మ. అందు గాయకులు వేఱు, శ్రోతలు వేఱు కారు. 2022లో కీర్తిశేషుడైన వరంగల్లు ఛాయాచిత్రకారుడు భరత్ భూషణ్ ఆ పండుగను, పల్లె స్త్రీలను, పాత యిండ్ల తలుపులను ఏండ్ల తరబడి చిత్రించెను. అట్టి చిత్రములను చూచువారు పాడిన తల్లులను స్మరించుట ఎట్లు ధర్మమో, తీసిన చేతిని స్మరించుటయు అట్లే ధర్మము.

కావున తేలినది ఇది. అడుగుట మండలి వంతు. ఔననుటయు కాదనుటయు ఫొటోగ్రాఫరు స్వేచ్ఛ. కాదన్నవాడు భక్తిహీనుడు కాడు. ఔనన్నచో, ప్రింట్లకైన ఖర్చును మండలి భరించి, శ్రమను మాత్రమే దానముగా గ్రహించుట మేలు. ఏయే ఫొటోలు, దేనికొఱకు, ఎన్నాళ్లకు అను మూడు మాటలు కాగితముపై ఉండవలెను. అచ్చయిన ప్రతి చోట పటము క్రింద తీసినవాని పేరుండవలెను. అన్నింటికి మించి, ఆ పనికి బజారులో ఎంత వెల యగునో కట్టి, లెక్కలలో జమవైపు "ఫొటోగ్రాఫరు దానము" అనియు, ఖర్చువైపు "ఫొటోలు" అనియు అదే మొత్తమును వ్రాయవలెను. నిలువలో పైసా మాఱదు. కాని సాలు చివర లెక్కలు చదివినపుడు, గుడికి వేయి రూపాయలిచ్చిన ఆసామి పేరుతోబాటు అతని పేరును ఊరు వినును. వెల కట్టి యిచ్చినదే దానమని తెలియును. వెల కట్టనిది ఉత్తదిగా మఱువబడును.

ఈ విషయమున గ్రంథాలయము వంతును కలదు. మండలుల ఫొటోలను ఒక్కొక్క ప్రతి చేర్చి, వెనుకవైపు గాయకుల పేర్లు, తేది, తీసినవాని పేరు పెన్సిలుతో వ్రాసి భద్రపఱచవలెను. ఈ రజతోత్సవ సంచికలో అచ్చగు పటములతోనే ఆ యాచారమును ఆరంభింపవచ్చును. మఱి ఇరువదియైదేండ్లకు స్వర్ణోత్సవమున ఒక బాలుడు ఆ పెట్టె తెఱచి, ఈతడు మా తాత, మద్దెల వాయించెను, ఈ ఫొటోను ఫలానాయన తీసెనని రెండు పేర్లను చెప్పగలిగినచో, పాడినవాని ఋణమును తీసినవాని ఋణమును ఈ గ్రామము తీర్చుకొన్నట్లే.

స్వస్తి.