ఫోన్‌లో డాక్టరమ్మ, పక్కన మేము

(2022లో మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మా గ్రామ సంఘం తరఫున మాట్లాడినది)



పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లెక్కలు ముందు మాట్లాడిన అక్కలు చెప్పేశారు. మా ఊళ్లో ముసలివాళ్లకు కరోనా టీకా ఎలా వేయించామో మమ్మల్ని చెప్పమన్నారు. చెబుతాం. అయితే మేము చేసిన తప్పు ముందు చెబుతాం.

2021 మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటినవాళ్లకు, జబ్బులున్న 45 దాటినవాళ్లకు టీకా మొదలుపెట్టారు. ఏప్రిల్ 1 నుంచి 45 దాటిన అందరికీ అన్నారు. ఆ రోజుల్లోనే మా సంఘం వాట్సాప్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. తెల్లకోటు వేసుకున్న ఒకాయన, షుగరు ఉన్నవాళ్లు ఈ సూది వేయించుకుంటే బతకరని చెబుతున్నాడు. ఎవరాయన, ఏ ఊరు, అసలు డాక్టరేనా అని మాలో ఒక్కరం అడగలేదు. ‘అందరూ జాగ్రత్త’ అని రాసి పక్క గ్రూపులకు కూడా పంపాం. పొదుపు పుస్తకంలో పది రూపాయలు తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని లెక్క తేల్చేవాళ్లం, దీన్ని మాత్రం ఒక్క నిమిషంలో పంపేశాం.

మా సభ్యురాలి అత్తగారు ఒకామె షుగరు మనిషి. కోడలి ఫోన్‌లో ఆ వీడియో విని ‘నాకొద్దమ్మా’ అంది. ఏఎన్ఎం గారు రెండుసార్లు ఇంటికి వచ్చినా బయటికి రాలేదు. మే నెలలో ఆమెకు కరోనా వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు గానీ దక్కలేదు. సూది వేయించుకుంటే తప్పకుండా బతికేదని ఎవరూ చెప్పలేరు. కానీ వేయించుకున్నవాళ్లకు జబ్బు ముదిరి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం బాగా తగ్గుతుంది. ఆ అవకాశం ఆమెకు లేకుండా చేసిన మాటల్లో మా మాట కూడా ఉంది. పెద్దకర్మ రోజు ఆ కోడలి ఎదురుగా కూర్చున్నాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

జూన్‌లో మీటింగు పెట్టి తీర్మానం పుస్తకంలో రాసుకున్నాం. ఆరోగ్యం గురించి ఏ వీడియో వచ్చినా ఏఎన్ఎం గారికి చూపించకుండా గ్రూపులో పెట్టకూడదని. సీసీ మేడం పీహెచ్‌సీ డాక్టరమ్మతో మాట్లాడి జూమ్ మీటింగు కూడా ఏర్పాటు చేశారు.

మొదటి మీటింగు పాడైపోయింది, దాచుకోవడం ఎందుకు. మధ్యాహ్నం మూడింటికి పెట్టి లింకు పంపాం. ముసలివాళ్లలో టచ్ ఫోన్ ఎంతమందికి ఉంది? కొడుకుల ఫోన్లు కొడుకులతో పొలం వెళ్లాయి. చివరికి చేరినవాళ్లం మేమే, ముప్పై నలభై ఏళ్లవాళ్లం. డాక్టరమ్మ యాంటీబాడీలు అంటే మాకే సగం అర్థం కాలేదు.

రెండోసారి రాత్రి ఏడున్నరకు పెట్టాం, అన్నాలు తిని అరుగుల మీదికి వచ్చే వేళ. ఒక్కో అరుగు దగ్గర ఒక ఫోను, మాలో ఒకరం, నలుగురైదుగురు పెద్దవాళ్లు. వినపడనివాళ్ల కోసం కుర్రాళ్ల దగ్గర బ్లూటూత్ స్పీకర్ తెచ్చాం. ముందు మీరు చెప్పొద్దు మేడం, వీళ్లు అడుగుతారు, మీరు జవాబివ్వండి అని డాక్టరమ్మకు చెప్పాం. అక్కడే పని మారింది.

బీపీ బిళ్ళ ఆ రోజు మానాలా అని ఒక మామ్మ అడిగింది. మానొద్దు, రోజూలాగే వేసుకుని, అన్నం తిని రండి అన్నారు. రక్తం పల్చబడే బిళ్ళలు వాడేవాళ్లు సూదికి ముందే చెప్పాలన్నారు. వేశాక అరగంట అక్కడే కూర్చోవాలి. ఒకటి రెండు రోజులు జ్వరం, చెయ్యి నొప్పి రావచ్చు, పారాసిటమాల్ వేసుకుంటే చాలు. టీకా లోపల ఏం చేస్తుందో మాత్రం మా సభ్యురాలే చెప్పింది. పోలీసు కుక్కకి దొంగ వదిలేసిన తువ్వాలు వాసన చూపిస్తారు కదా, అలాగేనంట. తువ్వాల్లో దొంగ ఉండడు, వాసనే ఉంటుంది. డాక్టరమ్మ నవ్వి, ఇక మీదట నేనూ ఇదే చెబుతాను అన్నారు.

అప్పుడు చివరి అరుగు నుంచి ఒక పెద్దాయన అడిగాడు. ‘ఇంట్లో నేనూ మా ముసల్దీ తప్ప ఎవరూ లేరు. ఇద్దరికీ ఒకేసారి జ్వరం వస్తే గంజి ఎవరు కాస్తారు?’ డాక్టరమ్మ దగ్గర దానికి జవాబు లేదు. ఆ మాట అడిగింది మమ్మల్ని. అప్పటిదాకా ఆయన భయం సూది గురించి అనుకున్నాం, కాదు. ‘మేము కాస్తాం బాబాయ్’ అన్నాం. భార్యాభర్తలను ఒకే రోజు తీసుకెళ్లకుండా వారం ఎడం పెట్టాం. ఒక్కొక్కరం రెండేసి ఇళ్లు పంచుకుని రెండు రోజులు పూట పూటా చారు అన్నం పట్టుకెళ్లాం. నాట్లకు వెళ్లే మామ్మలకు కూలి పోతుందని బాధ, వాళ్లకు పని లేని రోజు చూసి తీసుకెళ్లాం.

కొవాక్సిన్ మన హైదరాబాద్‌లోనే తయారవుతుందని వినగానే ఒక తాత, అయితే నాకదే కావాలని పట్టుబట్టాడు. ఆ రోజు వచ్చింది కొవిషీల్డ్. గంట బతిమాలాం.

రెండో డోసు ఇంకా కష్టమైంది. కొవిషీల్డ్ మొదట నాలుగు నుంచి ఆరు వారాలకన్నారు, మార్చిలో ఆరు నుంచి ఎనిమిది అన్నారు, మే 13న 12 నుంచి 16 వారాలు చేశారు. ‘చూశారా, మాట మారుస్తున్నారు’ అన్నారు మావాళ్లు. నిజమే, మార్చారు. ఎడం పెరిగితే బాగా పనిచేస్తోందని తెలిసి మార్చారని డాక్టరమ్మ చెప్పిన రెండు నిమిషాల మాట రికార్డు చేసి ఇంటింటికీ వినిపించాం. నవంబరులో ‘హర్ ఘర్ దస్తక్’ అని ఇంటింటికీ వచ్చినప్పుడు మంచం మీద ఉన్నవాళ్లకు ఏఎన్ఎం గారు ఇంట్లోనే వేశారు. ఇద్దరు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాళ్లతో పోట్లాడటం లేదు, పలకరిస్తూనే ఉన్నాం.

ఆ తర్వాత మూడో డోసు వచ్చింది. 2022 జనవరి 10న జబ్బులున్న పెద్దవాళ్లకు మొదలై, మార్చి 16 నుంచి 60 దాటిన అందరికీ అన్నారు. రెండో డోసు తర్వాత 9 నెలలు నిండాలన్నారు. చిక్కంతా ఆ తేదీ దగ్గరే. చాలామంది పెద్దవాళ్లకు రిజిస్ట్రేషను ఊళ్లో లేని కొడుకు నంబరు మీద ఉంది, మెసేజి అక్కడికి పోతోంది, ఆయన చూసుకోడు. భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద మా పిల్లలు ఇద్దరు ఫోన్లతో కూర్చుంటారు. మీ అత్తగారిదో అమ్మగారిదో ఏ నంబరు మీద ఉందో చెప్పి, ఆ కొడుక్కి ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకోండి. సర్టిఫికెట్టు తీసి తేదీ కాగితం మీద రాసిస్తారు. మీ సంఘంలో మిగతావాళ్లవి కూడా రాయించుకుని వెళ్లండి.