వరద కంటే ముందే తెరవవలసిన తలుపు
(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదు సంవత్సరాలుగా ఈ బడి యానాం బిడ్డలకు తెలుగులో అక్షరాలు నేర్పుతున్నది. ఏరు పొంగిన ఏండ్లలో ఇల్లు విడిచి వచ్చిన వారికి నీడ కూడ అయినది. ఈ రెండవ బాధ్యతను గురించి నాలుగు మాటలు మనవి చేసుకొంటాను.

మన ఊరు గౌతమీ గోదావరి ఒడ్డున, కోరంగి పాయ విడివడే చోట ఉన్నది. సముద్రం ఎంతో దూరం లేదు. పైనుండి వచ్చే వరదకు సముద్రపు పోటు ఎదురైతే నీరు త్వరగా దిగదు. మురుగు కాలువలు సైతం వెనుకకు తన్నుతాయి. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75 అడుగులు దాటిన నాటికి నేను ఉన్నత పాఠశాల విద్యార్థినిని. 1996 నవంబరు 6 నాటి తుఫాను రాత్రిని ఈ తీరంలో మరచినవారు లేరు. 2022 జూలై వరద ఈ పిల్లలకు కూడ జ్ఞాపకమే.

అయితే గోదావరి చెప్పి వచ్చే నది. 2022 జూలై 16న భద్రాచలంలో నీటిమట్టం 71 అడుగులు దాటినది; మరునాడు ధవళేశ్వరం వద్ద ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులను మించినది. ధవళేశ్వరంలో 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ అవుతాయి. అనగా మనకు వ్యవధి ఉన్నది. లేనిదల్లా, అక్కడి అడుగుల లెక్కను 'మీ వీధిలో మోకాలి లోతు నీరు' అనే మాటగా మార్చి ఇంటింటికి చెప్పే ఏర్పాటు.

ఈ సందర్భంలో నా తప్పొకటి ఒప్పుకొనవలెను. ఆ జూలైలో ఒక సాయంకాలం నేను బంధువుల ఇంటికి కాకినాడ వెళ్ళితిని. తరగతి గదుల తాళంచెవులు నా సంచిలోనే ఉండిపోయినవి. కబురందుకొని తిరిగి వచ్చేసరికి ఏటిగట్టు ప్రక్క కుటుంబాలు చంటిబిడ్డలతో, మూటలతో వరండాలో కూర్చుని ఉన్నాయి. ఒక ముసలమ్మ నన్ను నిష్ఠురమాడలేదు. "ఏరు వత్తాదని మాకు తెల్సిందండి టీచరమ్మగారూ, తాళంచెవి ఎవరికాడుందో తెలవలేదండి" అన్నది, అంతే. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. హెచ్చరిక ధవళేశ్వరం నుండి మా బడి గుమ్మం వరకు వచ్చి, నా తాళం దగ్గర ఆగిపోయినది.

విపత్తు నిర్వహణ చట్టం, 2005, స్థానిక సంస్థలు తమ సిబ్బందికి శిక్షణ ఇప్పించాలని, సామగ్రిని సిద్ధంగా ఉంచుకోవాలని చెబుతున్నది. దానిని ఆచరణలో పెట్టుటకు పురపాలక సంఘం వారికి నా విన్నపాలు నాలుగు.

మొదటిది: 1986, 2022 నాటి నీటిమట్టాలను ప్రతి వీధిలో స్తంభాలపై రంగుతో గుర్తించాలి. ఏ హెచ్చరికకు ఏ వీధి ఖాళీ చేయాలో ముందుగానే ప్రకటించాలి.

రెండవది: మంచం పట్టినవారు, గర్భిణులు, వికలాంగులు, ఒంటరి వృద్ధులు ఎవరెవరో, వారిని ఎవరు తీసుకొని రావాలో వార్డువారీగా వ్రాసి ఉంచాలి. 2006లో ఎన్నికైన పురపాలక సభ గడువు 2011లో ముగిసిన పిమ్మట చాలా ఏండ్లు ఎన్నికలు లేవు. వీధిని ఎరిగిన సభ్యుడు లేని కాలంలో ఈ జాబితాయే అతని స్థానంలో నిలవాలి.

మూడవది: మత్స్యకార సోదరుల పడవలకు అద్దె, డీజిలు విషయం వేసవిలోనే మాట్లాడుకోవాలి. నడుము లోతు నీటిలో బేరం కుదరదు.

నాలుగవది: ఆనకట్ట ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది, మన రాజధాని పుదుచ్చేరి సుమారు 800 కిలోమీటర్ల దూరాన ఉన్నది. కనుక ఇక్కడి పరిపాలనాధికారి కార్యాలయానికి, ధవళేశ్వరానికి, కాకినాడ, కోనసీమ జిల్లాల కలెక్టరు కార్యాలయాలకు నడుమ రాత్రింబవళ్ళు నేరుగా కబురు నడవాలి. ఏటా జూన్‌లో ఒకసారి ఈ ఏర్పాట్లన్నిటినీ నిజంగా నడిపి చూడాలి. పరీక్షకు ముందు పునశ్చరణ అవసరమని పిల్లలకు చెప్పే మనమే దానిని విస్మరించరాదు.

ఇక మా వంతు. ఈ బడి తాళంచెవుల రెండవ గుత్తిని ఈ సభలోనే పురపాలక సంఘం వారికి అప్పగిస్తున్నాను. మూడవ గుత్తి బడి ఎదుటి ఇంటివారి వద్ద ఉంటుంది. ఆ సంగతి గేటు మీద పెద్ద అక్షరాలతో వ్రాయించినాము. చదువు వచ్చినవారు రానివారికి చదివి వినిపించండి.

రాబోయే వరదలో ఎవరూ మన వరండాలో తాళం వంక చూస్తూ కూర్చోకుందురు గాక. సెలవు.