వైద్యవిద్య - లోకసేవ



ఒకప్పుడు గోదావరి మండలములోని విద్యార్థికి వైద్యవిద్య కావలెనన్న మదరాసు పోవలసియుండెను. 1923లో విశాఖపట్నమునను, 1958లో కాకినాడయందును వైద్యకళాశాలలు వెలసినవి. 1986లో విజయవాడయందు ఆరోగ్యశాస్త్రములకు ప్రత్యేక విశ్వవిద్యాలయమే ఏర్పడినది. స్నాతకోత్తర విద్యకు దూరమిప్పు డడ్డు కాదు, దృష్టియే ప్రధానము.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరుని సంగ్రహణి వ్యాధి బలిగొన్నది. ఆయన మదరాసున వైద్యమును, హార్వర్డున జీవరసాయనమును అభ్యసించెను. ఆయన నాయకత్వమున 1945 ప్రాంతమున రూపొందిన ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికే మందైనది. అమెరికా వెళ్లిన ఆయన మరల స్వదేశమునకు రాలేదు. మందు మాత్రము వచ్చినది.

ఇంటి దుఃఖమును లోకసేవగా మార్చునదే ఉన్నతవిద్య. పట్టము పొందిన యువతీయువకులు లంకగ్రామపు రోగిని మరువకుందురుగాక! ఆ సంస్కారమునకు బీజము నాటవలసినది గ్రామ గ్రంథాలయమే.