ప్రతిపక్షానికి లెక్కలు కట్టేదెవరు?



ఏటా బడ్జెట్ రోజున మన ఇళ్ళల్లో ఒకటే ప్రశ్న. ఏం పెరిగింది, ఏం తగ్గింది? ఆర్థికమంత్రిగారి ప్రసంగంలో మనకు కావలసిన నాలుగు ముక్కలూ వినేసి వంటింట్లోకి వెళ్ళిపోతాం. ఆ తర్వాత ఎదుటి బల్లలవాళ్ళు లేచి, ఈ లెక్క తప్పనీ, ఈ లోటు పూడదనీ, ధరలు మండిపోతాయనీ అంటూంటే, "ఆ, ప్రతిపక్షం వాళ్ళకు అదే పని!" అని ఊరుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే ఊరుకున్నాను.

కాని ఒక్క సంగతి చూడండి. మంత్రిగారి వెనుక ఆర్థికశాఖ ఉంది, రిజర్వు బ్యాంకు ఉంది, లెక్కలు సేకరించే యంత్రాంగమంతా ఉంది. ఎదుటివైపు మనిషి వెనుక ఎవరున్నారు? ఆయనకు ఆ అంకెలు కట్టి ఇచ్చేదెవరు? కట్టి ఇచ్చినవాడి మాట ఆ పార్టీ ఎంతవరకు వింటుంది? ఈవేళ ఆ విషయమే చెప్పుకుందాం.

1955 నాటి మాట. రెండో పంచవర్ష ప్రణాళిక తయారవుతోంది. దానిమీద సలహా చెప్పడానికి ప్రభుత్వం దేశంలో పేరున్న ఆర్థికవేత్తలతో ఒక సంఘం వేసింది. అందరూ సరేనన్నారు. ఒక్కరు మాత్రం కాదన్నారు. ఆయన పేరు బి.ఆర్. షెనాయ్. అహ్మదాబాదులో గుజరాత్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. దేశంలో నిజంగా ఉన్న పొదుపు ఎంతో చూసుకోకుండా ఇంత పెద్ద ప్రణాళిక వేసుకుంటే ధరలు అదుపు తప్పుతాయని తన అసమ్మతిని విడిగా రాసి ఇచ్చారు.

తర్వాత ఖాయమైన ప్రణాళికలో ప్రభుత్వరంగం ఖర్చు 4,800 కోట్లు. అందులో 1,200 కోట్లు లోటు ద్రవ్యం. లోటు ద్రవ్యమంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. రాబడి చాలనిచోట రిజర్వు బ్యాంకు దగ్గర అప్పు తీసుకోవడం, ఆ మేరకు కొత్త డబ్బు చలామణిలోకి రావడం. సంతకు వచ్చిన వంకాయలు అన్నే ఉండి, కొనేవాళ్ళ చేతుల్లో డబ్బు మాత్రం రెట్టింపయితే వంకాయ ఏ ధర పలుకుతుందో మనకు ఒకరు చెప్పాలా?

అనుకున్నట్టే 1957 నాటికి విదేశీ మారకద్రవ్యం కరిగిపోయి కటకట వచ్చింది. 1958లో ప్రపంచబ్యాంకు పూనికతో మనకు అప్పులిచ్చే దేశాలు ఒక కూటమిగా చేరవలసి వచ్చింది. మొదటి ప్రణాళిక కాలంలో తగ్గిన ధరలు రెండో ప్రణాళికలో పైకి పాకాయి.

అలాగని షెనాయ్‌గారు చెప్పిందంతా వేదమని నేననను. నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది కూడా ఆ 1955లోనే, డిసెంబరు 10న. చేతిలో రొక్కం చూసుకుంటే తప్ప అడుగు వేయకూడదని కూర్చుంటే, నల్గొండ, గుంటూరు పొలాలకు ఆ నీళ్ళు ఎప్పటికి అందేవో! కాని తప్పు చెప్పినా, ఒప్పు చెప్పినా, ఆయన ముందుగా చెప్పారు. అచ్చులో చెప్పారు. అది చిన్న విషయం కాదు.

అప్పటికి ఆ వాదాన్ని భుజాన వేసుకుని దేశమంతా తిరిగే పార్టీ లేదు. 1959లో స్వతంత్ర పార్టీ వచ్చింది. నాగపూరు కాంగ్రెసులో ఉమ్మడి సహకార వ్యవసాయం మీద తీర్మానం కావడంతో, అది కిట్టనివారు రాజాజీ చుట్టూ చేరారు. దాని మొదటి అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి. రంగాగారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అదే పాఠం చెప్పిన మనిషి. చేనేతవారి బతుకుల మీద అంకెలతో సహా పుస్తకం రాసిన మనిషి. వేరే సలహాదారు ఎందుకు, అధ్యక్షుడే పంతులుగారన్నమాట! పార్లమెంటులో ఆ పార్టీ గొంతు మీనూ మసానీ. ఈయన సోషలిస్టుగా మొదలుపెట్టి, దేశ ఆర్థిక పరిస్థితిని పిల్లలకు అర్థమయ్యేట్టు 1940లో ఒక పుస్తకం రాసి, చివరకు ఈ ఒడ్డుకు చేరారు. షెనాయ్ రాతల్లోని వాదాలు ఈ పార్టీ నాయకుల నోట సభల్లో వినిపించేవి. లోటు బడ్జెట్లు, పర్మిట్లు, లైసెన్సులు, ధరలు... వీటి మీద ప్రభుత్వాన్ని ఇంత శ్రద్ధగా నిలదీసిన పార్టీ అప్పట్లో అరుదు.

1967లో లోక్‌సభలో 44 సీట్లు వచ్చి అదే పెద్ద ప్రతిపక్షమయింది. నాలుగేళ్ళు తిరిగేసరికి, 1971లో 8 సీట్లు! ఎందుకిలా జరిగింది?

కారణాలు చాలా ఉన్నాయి గాని నాకు తోచేది ఒకటి చెబుతాను. 1969 జూలైలో ఇందిరాగాంధీ ప్రభుత్వం 14 బ్యాంకులను జాతీయం చేసింది. స్వతంత్ర పార్టీకి చెందిన ఆర్.సి. కూపర్ వాటాదారుగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. వాటాదారులకిచ్చే నష్టపరిహారం లెక్క సరిగా లేదని 1970 ఫిబ్రవరిలో కోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అంటే వాళ్ళ లెక్కే నెగ్గింది. ప్రభుత్వం రోజుల్లోనే మరో ఆర్డినెన్సు తెచ్చుకున్నది, అది వేరే సంగతి. కాని బ్యాంకు గుమ్మం తొక్కి ఎరగని మనిషికి ఈ వ్యాజ్యంతో ఏం పని? గేదెను కొనుక్కోవడానికి అప్పు ఎక్కడ పుడుతుందా అని చూసే ఆడమనిషికి, బ్యాంకు సర్కారుది కాకపోతే నీకు అప్పు ఇలా వస్తుంది అని ఆ పార్టీ పండితులు చెప్పగలిగితే కథ వేరుగా ఉండేదేమో. ప్రభుత్వం ఏం చేయకూడదో చెప్పడంలో వాళ్ళు దిట్టలు. చేయవలసిందేమిటో మాత్రం మన భాషలో చెప్పలేకపోయారు. దానికితోడు వేదిక మీద పంతులుగారి పక్కన రాజాలూ, జమీందారులూ కూర్చుంటే, పాఠం ఎంత మంచిదయినా వినేవాళ్ళకు అనుమానం రాదూ?

1974లో ఆ పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. రంగాగారు మళ్ళీ కాంగ్రెసు గూటికే చేరి 1980లో గుంటూరు నుంచి గెలిచారు. షెనాయ్ 1978లో పోయారు. 1991 జూలైలో పి.వి. నరసింహారావుగారి ప్రభుత్వం లైసెన్సుల సంకెళ్ళు చాలావరకు తెంచింది. షెనాయ్, మసానీలు ఏళ్ళ తరబడి అడిగింది చివరికి కాంగ్రెసు చేతనే జరిగిందన్నమాట.

ఆనాటి ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్ తర్వాత తానే ప్రతిపక్షంలో కూర్చోవలసి వచ్చింది. 1998 నుంచి 2004 దాకా రాజ్యసభలో ప్రతిపక్ష నాయకులు. ప్రధానిగా పదేళ్ళు చేసి మళ్ళీ ప్రతిపక్షంలోకే వచ్చారు. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు రద్దయినప్పుడు మనందరి పోపుల డబ్బాలూ, బియ్యం డబ్బాలూ బయటపడ్డాయి గదా! మావారికి తెలియకుండా నేను దాచుకున్న అయిదు వందల నోట్లు ఏడు, ఆయన ముందే లెక్కపెట్టవలసి వచ్చింది. అదే నెల 24న ఆయన రాజ్యసభలో లేచి, దీనివల్ల దేశాదాయం సుమారు 2 శాతం దెబ్బతినవచ్చునన్నారు. ఆ 2 శాతం నిజమా కాదా అని పండితులు తర్వాత వాదించుకున్నారు. నాకు నచ్చిందల్లా ఆయన అంకె చెప్పడం. తిట్టినవాణ్ణి రేపు ఏమీ అడగలేం. అంకె చెప్పినవాణ్ణి, ఏమయిందయ్యా నీ లెక్క అని పట్టుకొని అడగవచ్చు.

ఈ అడగడమనేది వాగ్దానాల దగ్గర మనం బొత్తిగా మరిచిపోతాం. 1982లో తెలుగుదేశం పెట్టిన రామారావుగారు కిలో బియ్యం 2 రూపాయలన్నారు. పోటీగా అప్పటి ప్రభుత్వం రూపాయి 90 పైసలకే అన్నది. బియ్యం పేదింటికి అవసరమే, కాదనను. మిగతా ధర ఏ పద్దులోంచి వస్తుందని మాత్రం ఇటువాళ్ళనూ, అటువాళ్ళనూ మనం అడగలేదు. 1996లో అదే తెలుగుదేశం ప్రభుత్వం ఆ ధరను 3 రూపాయల 50 పైసలు చేసినప్పుడు అందరం ఆశ్చర్యపోయాం.

నెదర్లాండ్స్‌లో 1986 నుంచి ఒక మంచి పద్ధతి ఉంది. ఎన్నికల ముందు పార్టీలు, పాలకపక్షమేమి, ప్రతిపక్షమేమి, తమ వాగ్దానాలను అక్కడి ప్రణాళికా కార్యాలయానికి ఇష్టపూర్వకంగా పంపుకుంటాయి. ఖర్చెంత, ఫలితమెంత అని వాళ్ళు కట్టిన లెక్క అందరికీ అచ్చువేసి పంచుతారు. మన దగ్గర అటువంటిది లేదు. మనకున్నది ఖర్చయిపోయాక చూసే పార్లమెంటు పద్దుల సంఘం. దాని అధ్యక్షత 1967లో మొదటిసారిగా ప్రతిపక్షానికి ఇచ్చినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది మసానీగారే.

కిందటి ఎన్నికలప్పుడు ఒక పార్టీవారు మా వీధికి కరపత్రాలతో వచ్చారు. ఆడవాళ్ళకు నెలనెలా ఇంత ఇస్తామని అందులో ఉంది. "మొత్తం ఎంతవుతుందండీ ఏడాదికి?" అని అడిగాను. "అవన్నీ మా పెద్దలు చూసుకుంటారమ్మా" అన్నాడు కుర్రవాడు. ఏ పెద్దలో పేరు చెప్పు బాబూ, ఉత్తరం రాసుకుంటానన్నాను. నవ్వేసి, పక్కింటి గేటు తీశాడు.