పరదేశంలో పెద్ద మస్జిద్ – మన ఊళ్లో పరదేశి

సమస్త ప్రశంసలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సఅసం) మీద, ఆయన కుటుంబీకుల మీద, సహచరుల మీద కారుణ్యం, శాంతి కురియుగాక.

 

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ 2016లో వేర్వేరు జిల్లాలయ్యాయి గాని, మూడూ పాత పాలమూరు బిడ్డలే. పొట్ట చేతపట్టుకొని వలస పోవడం ఈ నేలకు కొత్త కాదు. ఒకప్పుడు మన పెద్దలు దూరదేశాలలో ఆనకట్టలకూ, కాలువలకూ మట్టి మోశారు. నేడు మన పిల్లలు గల్ఫ్ దేశాలకు వెళుతున్నారు. ఒమాన్ చేరిన యువకుడు తొలి సెలవు దొరకగానే చూడాలని ఆశపడేది మస్కట్‌లోని సుల్తాన్ ఖాబూస్ పెద్ద మస్జిద్‌ను. అక్కడికి వెళ్లేవాడు ఏ మనసుతో వెళ్లాలి? అతణ్ణి పంపిన మనం ఏమి నేర్చుకోవాలి? ఇదే నేటి ప్రసంగాంశం.

ఆ మస్జిద్ 2001లో ప్రారంభమైంది. దాని నిర్మాణానికి సుమారు 3 లక్షల టన్నుల ఇసుకరాయి మన భారతదేశం నుంచే వెళ్లింది. ప్రధాన మినారు ఎత్తు దాదాపు 90 మీటర్లు. నమాజు హాలులో పరచిన తివాచీ బరువు 21 టన్నులు. ఇరాన్‌లో సుమారు 600 మంది స్త్రీలు నాలుగేళ్లు శ్రమించి దానిని నేశారు.

దీనిని చూసి ఆశ్చర్యపడటం దోషం కాదు. అయితే ఆ ఆశ్చర్యం రాళ్ల వద్దనే ఆగిపోకూడదు. మదీనాలో దైవప్రవక్త (సఅసం) నిర్మించిన మస్జిద్‌ను స్మరించండి. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూరపు మానుల స్తంభాలు, ఖర్జూరపు మట్టల కప్పు. రమజాను నెలలో ఒక రాత్రి వాన కురిసి కప్పు కారగా, ఆయన ఆ తడినేల మీదనే సజ్దా చేశారనీ, ఆయన నుదుటిపై బురద ఆనవాలు తాము చూశామనీ హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించారు. ప్రత్యేక పుణ్యాన్ని ఆశించి ప్రయాణం కట్టదగిన మస్జిద్‌లు మూడే: మస్జిదె హరామ్, మస్జిదె నబవీ, మస్జిదె అఖ్సా. తక్కినవాటిలో గోడల వైభవాన్ని బట్టి నమాజు విలువ పెరగదు. పాలరాతి మీద చేసిన సజ్దా అయినా, మన పల్లెలో రేకుల కప్పు కింద చేసిన సజ్దా అయినా అల్లాహ్ చూసేది హృదయాన్నే.

కనుక కొత్తగా వెళ్లే సోదరుడు వుజూతో, కుడికాలు ముందు పెట్టి ప్రవేశించాలి. మక్రూహ్ వేళ కాకపోతే, ఫోటోల కోసం ఫోను తీయకముందే రెండు రకాతుల తహియ్యతుల్ మస్జిద్ చదవాలి. నమాజు చేసేవారి ముందు నిలబడి ఫోటోలు తీయరాదు. ఒమాన్‌లో ఇబాదీ సంప్రదాయం పాటించేవారు చాలామంది. వారు నమాజులో చేతులు కట్టుకోరు, ఫాతిహా తర్వాత ఆమీన్ అనరు. ఇది చూసి మన పిల్లవాడు కలవరపడవచ్చు. సందేహం కలిగితే తర్వాత ఆలిమ్‌లను అడగాలే గాని, సఫ్‌లో నిలిచి వాదనకు దిగరాదు. ఖుత్బా అరబీలో సాగుతుంది. అర్థం కాకపోయినా మౌనంగా వినాలి. ఖుత్బా సాగుతుండగా పక్కవాణ్ణి ఊరుకోమనడం కూడా వ్యర్థపు మాటేనని హదీసు తెలుపుతోంది.

సోదరులారా! అన్నిటికన్నా ముఖ్యంగా, అతడు అక్కడ సిగ్గుపడి వెనుక మూలకు పోనవసరం లేదు. మస్జిద్‌లు అల్లాహ్‌కే చెందినవని దివ్య ఖుర్ఆన్ (72:18) స్పష్టం చేసింది. కూర్చున్నవాణ్ణి లేపి అతని చోట తాను కూర్చోవడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఇటుకలు మోసిన భుజం అధికారి భుజానికి ఆనుకొని నిలబడినప్పుడే ఆ మస్జిద్ నిజంగా పెద్దది అవుతుంది.

ఇక మన సంగతి చూసుకుందాం. మన పిల్లలు అక్కడ పరదేశులైతే, ఇక్కడికీ పరదేశులు వస్తున్నారు. ఇటుక బట్టీలకూ, మిల్లులకూ, భవనాల పనులకూ పరాయి రాష్ట్రాల నుంచి వచ్చిన ముస్లిం కూలీలు జుమా నాడు మన గుమ్మం ఎక్కుతున్నారు. వారి భాష వేరు, బట్టల మీద దుమ్ము. మన చూపు వారి మీద ఎలా పడుతోంది? మొదటి సఫ్‌లో కూర్చుంటే ‘కాస్త వెనక్కి జరుగు బాబూ’ అనే గొంతు మనలో ఎవరిదైనా ఉందా?

మదీనా పరిసరాల నుంచి శ్రమజీవులు దుమ్ముతో, చెమటతో జుమాకు వచ్చేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దైవప్రవక్త (సఅసం) వారిని వెళ్లగొట్టలేదు. ఈ రోజు కోసం స్నానం చేసి వస్తే బాగుండునని మృదువుగా సూచించారు. ఇల్లూ వాకిలీ లేక వచ్చినవారికి తన మస్జిద్‌లోనే సుఫ్ఫా అనే నీడ కల్పించారు. మస్జిద్ ఊడ్చే ఒక స్త్రీ మరణించిన సంగతి తనకు చెప్పనందుకు సహచరులను ప్రశ్నించి, ఆమె సమాధి వద్దకు వెళ్లి జనాజా నమాజు చేశారు.

కాబట్టి ఈ వారం నుంచే మూడు పనులు మొదలుపెడదాం. వుజూ చేసే చోట నీళ్లూ, సబ్బూ ఎప్పుడూ ఉంచుదాం. మొదటి సఫ్‌లో ఎవరికీ చోటు కేటాయించవద్దు. ముందు వచ్చినవాడిదే ముందు చోటు. నమాజు ముగిశాక కొత్త ముఖం కనిపిస్తే సలాం చెప్పి, పేరు అడిగి, భోజనం చేశావా అని విచారిద్దాం. ఇంటికి దూరంగా ఉన్నవాడికి ఆ ఒక్క మాట ఎంత ఆసరానో, కొడుకును గల్ఫ్‌కు పంపిన తల్లిని అడగండి, చెబుతుంది.

ఓ అల్లాహ్! పరదేశాలలో ఉన్న మా బిడ్డలను కాపాడు. వారి సంపాదనను హలాల్‌గా, వారి రాకను క్షేమంగా చేయి. మా చిన్న మస్జిద్‌లను కొత్తవారికి పెద్ద మనసుతో తలుపు తెరిచేవిగా చేయి. ఆమీన్.