జీర్ణగృహోద్ధరణము



నేడు నేను ముచ్చటింపబోవు విషయము పాతయిండ్లను నిలుపుకొనుట. దీనికి ప్రేరకమైన సంగతిని మొదట మనవి చేసెదను.

నాచారమున పాతయూరి నడుమ ఒక గచ్చుమిద్దె కలదు. గోడలు రెండు మూరల వెడల్పు, దర్వాజాలు టేకుకొయ్యవి. నాయొద్ద చదువుకొన్న మువ్వురు అన్నదమ్ములు దానికి హక్కుదారులు. వారి ముత్తాత దానిని కట్టించెను. గత వర్షకాలమున వెనుకటి గది పైకప్పు కొంత కూలెను. పెద్దవారిరువురును దానిని పడగొట్టి, అంతస్తుల మేడలు కట్టువారికి స్థలము నప్పగింపవలెననిరి. కడపటివాడు వలదనెను. తగవు ముదిరి ముగ్గురును నాయొద్దకు వచ్చిరి. “పంతులుగారూ, ఈ ఇల్లు మళ్ల నిలబడ్తదా? మీరెట్లంటె అట్లనే” అని అడిగిరి.

ఉప్పలు, నాచారము లందు ఇట్టి తగవు ఇప్పుడు ప్రతి వీధిలోను కలదు. ఉప్పలు మీదుగా 2017లో మెట్రో రైలు నడువసాగిన పిమ్మట అంగుళము నేలకును వెల కట్టుచున్నారు. పాతయింటికి మాత్రము వెల లేదు. నేను వారికి వెంటనే బదులు చెప్పక, ఒక దినము ముగ్గురిని వెంటబెట్టుకొని నగరమునకు దక్షిణమున నున్న ఫలక్‌నుమా ప్రాసాదమునకు పోయితిని. చూచుటకు రుసుము చెల్లింపవలసివచ్చెను. పింఛను తీసికొనువానికి అది తేలిక కాదు, ఐనను చెల్లించితిని. ప్రాసాదమునకును మిద్దెకును సామ్యమేమని మీరు నవ్వవచ్చును. రెండింటిని చెరుచునది వాననీరే. రెండింటికిని చికిత్స యొక్కటియే.

ఫలక్‌నుమా యనగా ఆకాశదర్పణము. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను సోదరి భర్తయు, పాయెగా వంశీయుడును, తరువాత రాజ్యమునకు ప్రధానమంత్రియు నైన సర్ వికారుల్ ఉమ్రా దీనిని కట్టించెను. 1884 మార్చి 3వ తేదీన శంకుస్థాపన జరిగెను. ఆంగ్లదేశమున విక్టోరియా రాణి యేలుచున్న కాలమది. విలియం వార్డ్ మారెట్ అను ఆంగ్ల శిల్పి పటము గీసెను. పాలరాయి ఇటలీనుండి వచ్చెను. గ్రంథాలయపు చెక్కడపు కప్పు విండ్సరు కోటలోని దానిని పోలియుండును. భోజనశాలలో 101 మంది ఒక్క బల్లకడ కూర్చుండి భుజింపవచ్చును. పని ముగియుటకు దాదాపు తొమ్మిదేండ్లు పట్టెను.

కట్టించినవాడు దీనికై అప్పుల పాలయ్యెనని ప్రసిద్ధి. తన పేరి ఆంగ్లాక్షరములను రెంటిని పెనవేసి గోడలయందును, కుర్చీలయందును చెక్కించుకొన్న ఆ ప్రభువు, ఆ యింట చిరకాలము నివసింపలేదు. 1897 ప్రాంతమున అది నిజాము వశమయ్యెను. నేటికిని ఆ యక్షరములు అచ్చటనే యున్నవి. వానిని చూచి మా పెద్దవాడు, “ఇల్లు కట్టినోడు పోయిండు, పేరు మిగిలింది” అనెను. నేను మారుపలుకలేదు.

నిజాములు దీనిని రాజాతిథులకు విడిదిగా నుపయోగించిరి. 1951లో అచ్చట బస చేసిన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారే కడపటి మహాతిథి. పిమ్మట తలుపులు మూతపడెను. మనుష్యసంచారము లేని యిల్లు ఎట్లగునో మీకు నేను చెప్పనక్కరలేదు. కప్పున చిల్లి పడిన చూచువాడుండడు. రావిమొక్క మొలచిన పెరుకువాడుండడు. చెదపురుగునకు మాత్రము అడ్డు లేదు. 2000వ సంవత్సర ప్రాంతమున తాజ్ హోటళ్లవారు దీనిని కౌలునకు గైకొనిరి. ముకరంజా గారి పూర్వపత్ని యగు ఎస్రా రాకుమారిగారు ముందు నిలిచి ఉద్ధరణమును నడిపించిరి. పది సంవత్సరములు పట్టెను. 2010 నవంబరులో ద్వారములు తెరువబడెను. కట్టుటకు తొమ్మిదేండ్లైన, బాగుచేయుటకు పదియేండ్లు! తొందరపడువారు ఈ లెక్కను గమనింతురు గాక. అది యిప్పుడు ధనికులు బసచేయు హోటలు. నాకది అంతగా రుచింపలేదు. కాని తాళము వేసి యుండుటకంటె మేలే.

నాకు నచ్చినది కోఠీలోని రెసిడెన్సీ. ఇది విక్టోరియా కాలమునకు ముందరిది. కిర్క్‌పాట్రిక్ దొర కాలమున 1803లో మొదలిడి 1806 నాటికి కట్టిరి. 1949 నుండి బాలికల కళాశాల యచ్చట నడిచెను. నేడది వీరనారి చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయము. బాలికలు చదువుకొనుచుండగనే యిల్లు పాడైనది. వారు చదువుకొనుచుండగనే బాగుపడినది కూడ. మన యూళ్లలోని పాతమిద్దెలకు ఇదియే తగిన దారి యని నేననుకొందును: ఇల్లు ఏదో యొక పనికి వచ్చుచుండవలెను.

ఇక చికిత్స సంగతి. ఇచ్చట నా మూర్ఖతను దాచక చెప్పెదను. మా తండ్రిగారి యింటి గోడలు క్రింది భాగమున చెమ్మగిల్లి సున్నము రాలుచుండెను. నేనొక మేస్త్రిని పిలిపించి, నేలనుండి మూడడుగుల యెత్తు సిమెంటు పూయించితిని. అద్దమువలె మెరసెను. రెండు వర్షకాలములు గడచుసరికి చెమ్మ సిమెంటు దాటి పైకెక్కి ఆరడుగుల యెత్తున గోడ నానెను. చౌడుప్పు తెల్లగా పూచెను. పూత పలకలు పలకలుగా ఊడి పడుచు, వెనుకటి యిటుకను గూడ వెంట లాగుకొనిపోయెను. అప్పుడొక ముదుసలి మేస్త్రి వచ్చి చూచి, “పంతులుగారూ, గోడకు దమ్మాడకుంట జేసిండ్రు గదా!” అనెను. ఇన్నేండ్లు బడిలో పదార్థవిజ్ఞానము చెప్పిన నాకు ఆ యొక్క మాటతో కన్నులు తెరువబడెను.

దీని తత్త్వమిది. సున్నపురాతిని కాల్చి, నీటితో తడిపి, గుంటలో ఊరనిచ్చి, యిసుకతో కలిపి గానుగలో రుబ్బిన దానిని డంగుసున్న మందుము. కొందరు బెల్లపునీరును, కరక్కాయ కషాయమును చేర్చుదురు. ఈ సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని మరల రాయిగా మారును. అందు సూక్ష్మరంధ్రము లుండుటచే నేలనుండి యెక్కిన తేమ వెలికి పోవును. సిమెంటు అట్లు కాదు. అది 1824లో ఆంగ్లదేశమున జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనువాడు హక్కుపత్రము పొందిన పోర్ట్‌లాండు జాతి పదార్థము. క్రొత్త కట్టడములకు అది యోగ్యమే. సున్నపు గోడకు పూసినచో తేమను లోపలనే బంధించును. పైగా పాతయిటుకకంటె కఠినమగుటచే, గోడ కొంచెము కదలినప్పుడు ఇటుకయే పగులును గాని సిమెంటు పగులదు. ఫలక్‌నుమా నాటి హైదరాబాదు కట్టడములు సున్నముతో కట్టినవే. కావున పెద్దకట్టడమైనను, మన మిద్దెయైనను సున్నమునకు సున్నమే మందు.

రెండవది, పనుల వరుస. మనవారు పండుగకు ముందు రంగు వేయించి, పిమ్మట కప్పు సంగతి తలతురు. అది తారుమారు. మొదట కప్పు, తరువాత నీరు జారు గొట్టములు, తూములు, ఇంటి చుట్టు నిలుచు నీరు. రావి, మర్రి మొక్కలను పైన కోసిన చాలదు, వేరుతో పెరికి ఆ రంధ్రమును సున్నముతో పూడ్చవలెను. పిమ్మట దూలములు, చెద. గోడపూత కట్టకడపటిది. ఇంకొక్కమాట. ఇంటి పాత ఛాయాచిత్రములు, పెండ్లి పటములైనను సరే, పారవేయకుడు. రాజా దీనదయాళుగారు తీసిన ఫలక్‌నుమా చిత్రములు నేటికిని నిలిచియున్నవి. ఏ తలుపు ఎచ్చట నుండెనో, ఏ స్తంభమున కెట్టి శిరస్సుండెనో అట్టి చిత్రములవలన తెలియును.

అన్నదమ్ముల సంగతి విడిచితినని యనుకొందురేమో. తిరుగుదారిలో వారు వాదులాడుకొనుచునే యుండిరి. మిద్దెను వెంటనే పడగొట్టక ఒక్క సంవత్సరము ఆగుటకు సమ్మతించిరి. ముందుగదులను పిల్లల చదువునకు ఇత్తుమని కడపటివాడును, అద్దె రావలెనని నడిమివాడును చెప్పుచున్నారు. పెద్దవాడు ఇంకను సంశయించుచునే యున్నాడు. ఐనను వెనుకటి గది కప్పునకు టేకు దూలములు అతడే కొనితెచ్చెను. ముదుసలి మేస్త్రి పెరటిలో గుంట త్రవ్వించి సున్నము తడిపినాడు. నెలదినము లూరనిచ్చి, వానలు వెలిసిన పిమ్మట పని మొదలిడుదునన్నాడు. ఇప్పటికి పదునెనిమిది దినములైనవి.